విగ్రహాలు, విధ్వంసం, మన విమర్శ

విగ్రహం పెట్టేటప్పుడు మన రచయితలు మాట్లాడరు. ఆవిష్కరణ సభకు పిలిస్తే వెళతారు, నాలుగు మంచి మాటలు చెబుతారు, శాలువా కప్పితే కప్పించుకుంటారు. ఆ విగ్రహాన్ని ఎవరైనా పడగొట్టిన రోజున మాత్రం అందరికీ ఒక్కసారిగా నాగరికత గుర్తుకొస్తుంది. బమియాన్ బుద్ధుడు గుర్తుకొస్తాడు. ప్రకటనలు తయారవుతాయి, సంతకాలు పడతాయి. పడగొట్టినవారిని వెనకేసుకొచ్చే వారికీ తొందర తక్కువేమీ కాదు. ప్రజల కోపం అన్న ఒక్క మాట చాలు, ఆ కోపం ఎటు మళ్లిందో చూడనక్కరలేదన్నట్టు రాసేస్తారు. ఈ రెండు రకాల రాతలూ 2011 మార్చి 10 తర్వాత తెలుగులో గుట్టలుగా వచ్చాయి. ఇప్పుడు రాష్ట్రం రెండయింది, ఆవేశాలు చాలావరకు చల్లారాయి. ఆనాటి ప్రశ్నను ఇప్పుడైనా విమర్శకు పెట్టుకోవాలి. ఎందుకంటే కూలినవాటిలో శ్రీశ్రీ ఉన్నాడు, జాషువా ఉన్నాడు. వాళ్లను మనవాళ్లని చెప్పుకునే వాళ్లం మనం.

జరిగిందేమిటో ముందు చెప్పుకుందాం. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ గట్టు మీద 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం 33 విగ్రహాలు నిలబెట్టింది. తెలుగు జాతి వైభవం అనే ఒక కథకు అవి బొమ్మలు. రుద్రమ, కృష్ణదేవరాయలు, నన్నయ, వేమన, అన్నమయ్య, వీరేశలింగం, గురజాడ ఆ వరుసలో ఉన్నారు. మఖ్దూం, సురవరం ప్రతాపరెడ్డి కూడా ఉన్నారు. 2011 మార్చి 10న ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన మిలియన్ మార్చ్‌లో, పోలీసులు దారులు మూసినా, జనం గట్టు మీదికి చేరారు. సాయంత్రానికి పదికి పైగా విగ్రహాలు కూలిపోయాయి. కొన్ని సాగర్ నీళ్లలో పడ్డాయి. కృష్ణదేవరాయలు, ఎర్రన, అన్నమయ్య, జాషువా, శ్రీశ్రీ కూలినవారిలో కొందరు. తర్వాత ప్రభుత్వం వాటిని మళ్లీ చేయించి అక్కడే పెట్టించింది. అంతటితో అధికారులకు సమస్య తీరిపోయింది.

నేను నెల్లూరు జిల్లా ఆత్మకూరు వాణ్ణి. ట్యాంక్‌బండ్ గురించి ఆంధ్రవాడు మాట్లాడితే మొగ్గు ఎటు ఉంటుందో తెలిసిందేనని తెలంగాణ పాఠకుడు అనుకుంటే నేను తప్పు పట్టను. అయితే ఆంధ్ర అన్నది కూడా ఒకే ముద్ద కాదు. మాది మెట్ట ప్రాంతం. పెన్న మీద 78 టి.ఎం.సి.ల సోమశిల జలాశయం మా గుమ్మం ముందరే ఉంది. దానికి కూతవేటులో ఉన్నట్టే ఉన్నా, ఉదయగిరి వైపు పల్లెలు నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టి కూర్చున్న వేసవులు మాకు తెలుసు. ఆ జలాశయం కింద ఊళ్లు పోగొట్టుకున్న కడప జిల్లా రైతుకూ కూలీకీ విగ్రహం పెట్టాలని ఏ ప్రభుత్వానికీ తోచినట్టు లేదు. కనుక వెనకబడిన ప్రాంతం వాడి మనసులో ఒక వైభవ చిత్రం చూసినప్పుడు కలిగే మంట ఎలాంటిదో నాకు పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన పని లేదు.

అందుకే తెలంగాణ వాదులు లేవనెత్తిన అసలు ప్రశ్నను మొదట ఒప్పుకోవాలి. ఆ 33 మందిని ఎవరు ఎంపిక చేశారు? ఏ సభలో చర్చించారు? తెలుగు జాతి అనే మాటకు హద్దులు గీసిన కలం ఎవరి చేతిలో ఉంది? నైజాం మీద తిరగబడి 1940లో ప్రాణాలిచ్చిన కొమరం భీం ఆ వరుసలో ఎందుకు లేడు? సాయుధ పోరాటంలో చనిపోయిన వేలమంది రైతుల్లో ఒక్కరికైనా ఆ గట్టు మీద చోటు ఎందుకు దొరకలేదు? కొమరం భీం విగ్రహం ట్యాంక్‌బండ్ మీదికి వచ్చింది ఈ విధ్వంసం జరిగిన తర్వాతే. ఇది చిన్న విషయం కాదు. అడిగినప్పుడు దొరకనిది విరగ్గొట్టిన తర్వాత దొరికిందంటే, విరగ్గొట్టడమే మార్గమని పాలకులే జనానికి నేర్పుతున్నారన్న మాట. 1956 పెద్దమనుషుల ఒప్పందం దగ్గర్నుంచి, 1969 కాల్పుల మీదుగా, 2009 డిసెంబరు 9న ఇచ్చిన మాట రెండు వారాల్లో వెనక్కి పోవడం దాకా, తెలంగాణ యువకుడికి మాటతో పని జరుగుతుందన్న నమ్మకం మిగలలేదు. సంస్కృతి మీద దాడి జరిగిందని శోకాలు రాసిన కోస్తా రచయితల్లో చాలామంది ఈ భాగాన్ని తమ వ్యాసాల్లోకి రానివ్వలేదు. విగ్రహానికి కన్నీళ్లు కార్చిన కలాలు, ఆ ఏడాదిన్నరలో ఆత్మహత్యలు చేసుకున్న పిల్లల విషయంలో పొడిగా ఉండిపోయాయి.

ఇంతవరకు ఒప్పుకున్నాక అడగవలసిన మాట ఇంకొకటి ఉంది. ఆ రోజు విగ్రహాలను ఏ కొలతతో వేరుచేశారు? చేసిన పనిని బట్టా, పుట్టిన జిల్లాను బట్టా?

దీనికి జవాబు చెప్పే ముందు పాఠకుణ్ణి కొంత వెనక్కి, మా ఉదయగిరికి తీసుకుపోవాలి. విగ్రహాన్ని ఒకచోటి నుంచి పెకలించడం అనేది నిన్నమొన్నటి అల్లరి మూకలు కనిపెట్టింది కాదని తెలుసుకోవడానికి అంతకంటె మంచి చోటు లేదు.

ఉదయగిరి దుర్గం అప్పట్లో గజపతులది. కృష్ణదేవరాయలు దాన్ని ఏడాదికి పైగా ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. కోట లోపలి ధాన్యం అయిపోయేదాకా కింద సైన్యం కూర్చుంది. ఆ కొండ ఎక్కిన వాడికెవడికైనా, అన్నాళ్లు ముట్టడి ఎందుకు పట్టిందో కాళ్లే చెబుతాయి. కోట చేతికొచ్చాక రాయలు అక్కడి గుడిలోని బాలకృష్ణ విగ్రహాన్ని తీయించి విజయనగరానికి తరలించాడు. 1515లో దానికోసం ప్రత్యేకంగా గుడి కట్టించి అందులో ప్రతిష్ఠించాడు. హంపీలో ఇప్పుడు కృష్ణాలయం అని చూపించేది అదే. భక్తి లేదని నేననను. కాని ఓడిన రాజు దేవుణ్ణి గెలిచిన రాజు రాజధానికి తీసుకుపోవడం భక్తి ఒక్కటే కాదు. దక్షిణాదిలో రాజులు ఒకరిమీద ఒకరు చేసిన ఈ పనికి యుద్ధనీతిలో చోటుంది. విగ్రహం ఎక్కడుంటే రాజ్యం అక్కడుందని లోకానికి చాటడమే దాని అర్థం. 1565 తర్వాత విజయనగరం పాడుపడింది, గుడీ పాడుపడింది. ముక్కలైన ఆ బాలకృష్ణుడు చివరికి మద్రాసు ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం చేరాడు.

ట్యాంక్‌బండ్ మీద కూలిన రాయల విగ్రహాన్ని తలచుకుని, కళాపోషకుణ్ణి అవమానించారని బాధపడిన మిత్రులకు నేను గుర్తుచేసేది ఇదే. రాయలు కూడా ఒక విగ్రహాన్ని పెకలించినవాడే. మేం పాఠశాలలో చదువుకున్న చరిత్రలో ఇది విజయంగా ఉంటుంది. అదే పని 2011లో జనం చేస్తే విధ్వంసమవుతుంది. రాజు చేసినది చరిత్ర, జనం చేసినది నేరం అనే లెక్క మనకు ఒప్పుదల కాదు. అలాగని, రాజు చేశాడు కాబట్టి జనమూ చేయవచ్చు అన్న లెక్కా ఒప్పుదల కాదు. రాయలు చేసింది గెలిచినవాడి పని. దానిలో ఉదయగిరి జనాన్ని అడిగిన జాడ లేదు, వాళ్ల మాట ఏ శాసనంలోనూ లేదు. గెలిచినవాడు పెడతాడు, గెలిచినవాడు తీస్తాడు. ఈ పద్ధతిని ప్రజల ఉద్యమం అనుకరించవలసిన అవసరం ఏమిటి?

బాలకృష్ణుడు ఉన్న ఆ మ్యూజియంలోనే ఇంకొక విగ్రహం ఉంది. అది కర్నల్ నీల్‌ది. 1857 తిరుగుబాటును అణచడానికి మద్రాసు నుంచి ఉత్తరాదికి దండుతో పోయి, అలహాబాదులోనూ కాన్పూరులోనూ ఉరికొయ్యలు నాటిన సైనికాధికారి. ఆ ఏడాది సెప్టెంబరులో లక్నోలో చచ్చాడు. తెల్లదొరలు వాడికి మద్రాసు మౌంట్ రోడ్డులో కంచు విగ్రహం పెట్టారు. అప్పటి మద్రాసు రాజధానిలో నెల్లూరు జిల్లా కూడా భాగమే. కాబట్టి పని మీద పట్నం పోయిన మా తాతల తరం వాళ్లు ఆ నీల్ నీడలోనుంచి నడిచినవాళ్లే. 1927లో ఆ విగ్రహాన్ని తీసేయాలని సత్యాగ్రహం మొదలైంది. వాలంటీర్లు సుత్తులు పట్టుకుని దానిమీదికి ఎక్కారు, జైళ్లకు పోయారు. గాంధీ మద్రాసు వచ్చినప్పుడు వాళ్లతో మాట్లాడాడు. అహింసకు కట్టుబడితే పోరాటానికి తన మద్దతు ఉందన్నాడు. శాసనమండలిలో తీర్మానం వీగిపోయింది. పదేళ్లు గడిచి, 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక, కార్పొరేషన్ నిర్ణయం మీద ఆ విగ్రహం రోడ్డు నుంచి కదిలింది. చివరికి మ్యూజియం చేరింది.

ఈ ఉదాహరణలో నాకు నచ్చింది అహింస ఒక్కటే కాదు. మౌంట్ రోడ్డు మీద నీల్ ఎవరో అప్పటికి చాలామందికి తెలియదు. వచ్చేపోయే జట్కావాడికి అది ఎవరో దొర బొమ్మ. తీసేయాలన్న ఉద్యమం మొదలయ్యాక పత్రికలు రాశాయి, సభల్లో చెప్పారు, కోర్టుల్లో ముద్దాయిలు చెప్పారు. అలహాబాదులో జరిగిన హత్యాకాండ మద్రాసు వీధిలో మనిషికి తెలిసింది. అంటే విగ్రహాన్ని తీసే ప్రయత్నమే చరిత్ర పాఠమయింది. చరిత్రను చెరిపేస్తున్నారు అని విగ్రహాల తొలగింపును ఎదిరించేవారు ఎప్పుడూ అంటుంటారు. నీల్ విషయంలో జరిగింది సరిగ్గా తలకిందులు. విగ్రహం నిలబడి ఉన్నంతకాలం చరిత్ర కనబడలేదు, కదిలినప్పుడు కనబడింది.

ఇక్కడ మన శిబిరంలోనే జరిగిన ఒక చర్చను దాటిపోవడం నిజాయితీ అనిపించుకోదు. 1970లో కలకత్తాలో నక్సల్బరీ యువకులు విద్యాసాగర్, రామ్మోహన్ రాయ్, గాంధీ విగ్రహాల మీద పడ్డారు. కాలేజీ స్క్వేర్‌లో విద్యాసాగర్ తల తెగింది. వలస పాలకులతో రాజీపడి పెరిగిన మేధావులను, 1857లో సిపాయిల పక్షం వహించని వారిని, జాతి గురువులుగా ఎందుకు పూజించాలన్నది వాళ్ల ప్రశ్న. కవి, పత్రికా రచయిత సరోజ్ దత్తా దీన్ని సమర్థిస్తూ రాశాడు. అదే పార్టీ నాయకుడు సుశీతల్ రాయ్ చౌధురి దీన్ని వ్యతిరేకించాడు. సరోజ్ దత్తా 1971 ఆగస్టులో పోలీసుల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు కాబట్టి, ఆయన వాదన గురించి తేలిగ్గా మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కాని వాదనను వాదనగా చూడాలి. విద్యాసాగర్ మీద ఆ విమర్శలో నిజం ఉంది. విధవా వివాహం కోసం ఆయన పడిన పాట్లలోనూ నిజం ఉంది. ఈ రెండో నిజాన్ని సుత్తి చెప్పలేదు. మన వీరేశలింగం సంగతీ అంతే. ఆయన ప్రభుత్వం నుంచి రావు బహదూర్ బిరుదు పుచ్చుకున్నాడు, రాజమండ్రిలో వితంతువుల పెళ్లిళ్లు చేసి వెలిని భరించాడు. ఈ రెండు వాక్యాలనూ ఒకేచోట రాయగలిగినది కలం మాత్రమే. తర్వాత జరిగింది చూడండి. 2019 మేలో కలకత్తాలోనే ఎన్నికల ఊరేగింపు గొడవలో విద్యాసాగర్ కళాశాలలోని ఆయన విగ్రహం మళ్లీ పగిలింది. అప్పుడు దాన్ని ఖండించినవారిలో వామపక్షం ముందుంది. 1970లో పగలగొట్టినవారి సిద్ధాంతానికీ 2019 గొడవకీ ఏ సంబంధమూ లేదు. ఐతే విరిగిన తల మాత్రం ఒకటే. కారణాన్ని విగ్రహం మీద ఎవరూ చదవలేరు, తల లేకపోవడం ఒక్కటే కనబడుతుంది.

అయితే గుంపు చేతిలో కూలిన ప్రతి విగ్రహాన్నీ ఒకే గాటకట్టడం కూడా పొరపాటే. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఎడ్వర్డ్ కోల్‌స్టన్ అనేవాడి విగ్రహం 1895 నుంచి ఉండేది. సద్గుణవంతుడు, వివేకి అని దిమ్మె మీద పొగడ్త. వాడు పెద్ద స్థానంలో పనిచేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీ, వాడి హయాంలో, సుమారు 84,000 మంది ఆఫ్రికన్లను బానిసలుగా ఓడలెక్కించింది. వాళ్లలో 19,000 మంది దాకా దారిలోనే చచ్చిపోయారని చరిత్రకారుల అంచనా. బ్రిస్టల్ జనం చాలా ఏళ్లు అర్జీలు పెట్టారు. విగ్రహం తీయకపోతే పోనీ, నిజం చెప్పే పలక ఒకటి కింద తగిలించమన్నారు. ఆ పలకలో ఏ మాట ఉండాలి, ఏ మాట ఉండకూడదు అని పెద్దలు తగువులాడుకుని, చివరికి 2019 నాటికి పలకే లేకుండా పోయింది. 2020 జూన్ 7న జనం ఆ విగ్రహాన్ని తాళ్లతో లాగి రేవులోకి దొర్లించారు. నగరపాలకులు దాన్ని నీళ్లలోనుంచి తీసి, పూసిన రంగులు పూసినట్టే ఉంచి, పడుకోబెట్టి, మ్యూజియంలో చూపించారు. కేసు పెట్టిన నలుగురినీ 2022 జనవరిలో జ్యూరీ విడిచిపెట్టింది.

కోల్‌స్టన్ దగ్గరా, ట్యాంక్‌బండ్ దగ్గరా గుంపు ఉంది, తాడు ఉంది, నీళ్లు కూడా ఉన్నాయి. కాని బ్రిస్టల్‌లో విగ్రహం కూలింది ఆ మనిషి చేసిన పనికి. మద్రాసులో నీల్ కదిలిందీ చేసిన పనికే. ట్యాంక్‌బండ్ మీద శ్రీశ్రీ కూలింది విశాఖపట్నంలో పుట్టినందుకు. జాషువా కూలింది వినుకొండలో పుట్టినందుకు. నా అభ్యంతరం మొత్తం ఇక్కడుంది. పుట్టుకను బట్టి మనిషిని కొలవడం ఎవరి పద్ధతో మనకు తెలుసు. దానికి వ్యతిరేకంగానే జాషువా జీవితమంతా రాశాడు. పుట్టిన కులం వల్ల బతికినన్నాళ్లూ అవమానం పొందినవాడు, చచ్చి నలభై ఏళ్లయ్యాక పుట్టిన ఊరు వల్ల ఇంకోసారి అవమానం పొందాడు. తెలంగాణ దళిత యువకుడికి జాషువా మీద కోపం రావడానికి ఏ కారణమూ లేదు. కాని విగ్రహాల వరుస ఎలా తయారయిందంటే, అందులో జాషువా జాషువాలా కనబడలేదు. రాజుల పక్కన, రాజాస్థాన కవుల పక్కన, ఆంధ్ర ఆధిపత్యపు ఒక దిమ్మెలా కనబడ్డాడు. ఆ తప్పులో సగం పడగొట్టినవారిదైతే, మిగతా సగం ఆయన్ను ఆ వరుసలో ఇరికించినవారిది.

శ్రీశ్రీ విషయంలో నాకు ఇంకొక బాధ ఉంది. రాజుల కథల్ని పక్కకు నెట్టి రాళ్లు మోసినవాడి కథ అడిగిన కవిని, ప్రభుత్వం రాజుల బారులో నిలబెడితే మనలో ఒక్కరూ ఆనాడు గట్టిగా అభ్యంతరం చెప్పినట్టు నాకు గుర్తులేదు. సంతోషించాం. మన కవికి రాజధానిలో చోటు దొరికిందనుకున్నాం. విగ్రహం వచ్చాక ఆయన మీద విమర్శ తగ్గింది, దండ పెరిగింది. ఏప్రిల్ 30న పూలమాల, జూన్ 15న పూలమాల. ఆయన సినిమా పాటలకూ ఉద్యమ కవిత్వానికీ మధ్య ఉన్న పేచీ గురించి, ఎమర్జెన్సీలో ఆయన తీసుకున్న వైఖరి గురించి గట్టిగా మాట్లాడితే, విగ్రహం మీద రాయి విసిరినట్టు చూసే వాతావరణం ఏర్పడింది. ప్రభుత్వం ఒక కవికి విగ్రహం పెట్టడం అంటే ఆ కవిని పాఠకుల చేతిలోనుంచి తీసుకుని మున్సిపాలిటీ చేతిలో పెట్టడం. వేమన సంగతి మరీ వింత. రాళ్లకు మొక్కేవాళ్లను జీవితమంతా ఎకసెక్కం చేసినవాణ్ణి రాయి చేసి గట్టు మీద నిలబెట్టారు.

ఆ గట్టు ఎదుట, నీళ్ల మధ్యలో బుద్ధుడున్నాడు. 1990లో పడవ మీద తీసుకుపోతుంటే ఆ విగ్రహం జారి సాగర్‌లో మునిగింది, పదిమంది చనిపోయారు. ఆ తేదీ కూడా మార్చి 10. రెండున్నరేళ్లు నీళ్లలో ఉన్నాక 1992 డిసెంబరులో దాన్ని తీసి నిలబెట్టారు. మార్చి 10 అనగానే విరిగిన విగ్రహాలు గుర్తుచేసుకునే మన సాహిత్య పేజీల్లో, విగ్రహం కింద నలిగిన ఆ పదిమంది ప్రస్తావన నేను చూడలేదు. సంస్కృతి మీద మన దుఃఖానికి వర్గం ఉందనడానికి వేరే రుజువు అక్కర్లేదు.

ఇంతా విన్నాక ఒక మిత్రుడు అనవచ్చు: అన్ని విగ్రహాలూ రాళ్లే, అన్నీ అధికార చిహ్నాలే, ఏదీ వద్దంటే పోలేదా? మొన్నమొన్నటిదాకా నేనూ ఈ వాదనకు దగ్గరగా ఉన్నవాళ్లతో తిరిగాను. కాని మా వైపు ఏ పల్లెకైనా వెళ్లి మాలమాదిగ గూడెం మొదట్లో నీలం కోటు తొడుక్కుని, పుస్తకం చంకన పెట్టుకుని, వేలు చూపిస్తూ నిలబడిన అంబేడ్కర్ ముందు ఈ మాట అనగలరా? ఆ సిమెంటు బొమ్మకు కూలి డబ్బుల్లోనుంచి చందాలు వేసుకుంటారు. పెట్టే చోటు గురించి ఊళ్లో తగువులు పడతారు. రాత్రుళ్లు కాపలా కాస్తారు. 1997 జులై 11న బొంబాయి రమాబాయి నగర్‌లో అంబేడ్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేస్తే, అడిగినందుకు పోలీసులు కాల్చారు, పదిమంది దళితులు చచ్చిపోయారు. వాళ్లకు ఆ విగ్రహం అలంకారం కాదు. ఊరి దారిలో మాకూ అడుగు చోటుందని వేసిన దస్తావేజు.

దస్తావేజు చెల్లుతుందా లేదా అన్నది మళ్లీ అధికారమే తేలుస్తుంది. 2013 జనవరిలో సుప్రీంకోర్టు రోడ్ల మీదా కాలిబాటల మీదా కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలకు చెప్పింది. మంచి మాటే, రోడ్డు నడవడానికే. అయితే ఆచరణలో దీని బరువు ఎవరిమీద పడుతుంది? 2019 ఏప్రిల్ 13న హైదరాబాదు పంజాగుట్టలో అనుమతి లేకుండా పెట్టారని అంబేడ్కర్ విగ్రహాన్ని తొలగించారు. అది జవహర్‌నగర్ చెత్త డంపింగ్ యార్డుకు చేరింది. మర్నాడు అంబేడ్కర్ జయంతి. అదే నగరంలో నాలుగేళ్లకు, 2023 ఏప్రిల్ 14న, ప్రభుత్వం 125 అడుగుల అంబేడ్కర్‌ను ఆవిష్కరించింది. విజయవాడ ప్రభుత్వం వెనకబడుతుందా? 2024 జనవరి 19న స్వరాజ్ మైదానంలో దిమ్మెతో కలిపి 206 అడుగులు. జనం పెట్టుకున్న అంబేడ్కర్ చెత్తబండిలో పోతాడు, పాలకులు పెట్టిన అంబేడ్కర్ ఆకాశంలోకి పోతాడు. మొదటివాడు వేలు చూపిస్తే ఎవరిని చూపిస్తున్నాడో ఊరికి తెలుసు. రెండోవాడి వేలు ఎటు చూపిస్తోందో కిందనుంచి కనబడదు.

పెట్టే దగ్గర కూడా ఇంతే. ప్రభుత్వం మారితే తల్లి కూడా మారుతుంది. 2024 డిసెంబరు 9న హైదరాబాదు సచివాలయంలో కొత్త రూపంలో తెలంగాణ తల్లి వచ్చింది. కిరీటం పోయింది, చేతిలో బతుకమ్మ పోయింది. కిరీటం పోవడం నాకు సంతోషమే. బతుకమ్మ ఎందుకు పోవాలో తెలంగాణ ఆడవాళ్లను అడిగారా అన్నదే ప్రశ్న. కొత్త రూపం బాగుందా పాతది బాగుందా అని పార్టీలు కొట్టుకున్నాయి. జనాన్ని అడిగే పద్ధతి ఏమిటన్నది ఎవరూ ఎత్తలేదు.

ఇక మా ఇంటి విషయానికి వస్తాను. పొట్టి శ్రీరాములు పేరు మా జిల్లా పేరులో 2008 నుంచి ఉంది. ఆయన విగ్రహాలు మా ఊళ్లలో కూడళ్లలో ఉంటాయి. 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహార దీక్షకు కూర్చుని 58 రోజులకు, డిసెంబరు 15న చనిపోయాడు. విగ్రహం కింద మనం రాసేది ఇంతే. ఆయన 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని దీక్ష చేశాడన్నది చాలా దిమ్మెల మీద కనబడదు. జీవితంలో చివరి కాలమంతా అస్పృశ్యత మీద అట్టలు మెడలో వేసుకుని వీధుల్లో తిరిగినవాణ్ణి, వేడుకల కమిటీలు రాష్ట్ర సాధకుడిగా మాత్రమే మిగిల్చాయి. 2024 సెప్టెంబరులో తెలంగాణ మంత్రివర్గం హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి శ్రీరాములు పేరు తీసి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టాలని నిర్ణయించింది. 2025 మార్చిలో శాసనసభ బిల్లు ఆమోదించింది. మా జిల్లాలో కొందరు మిత్రులు నొచ్చుకున్నారు. నేను నొచ్చుకోలేదు. ఆ విశ్వవిద్యాలయం తెలంగాణది. గోలకొండ పత్రిక నడిపి, తెలంగాణలో కవులే లేరన్నవాడికి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేసి జవాబిచ్చిన మనిషి పేరు దానికి పెట్టుకోవడం వాళ్ల హక్కు. బిల్లు పెట్టారు, సభలో మాట్లాడుకున్నారు, మార్చారు. 2011లో సుత్తి చేసిన పనికీ దీనికీ తేడా చూపించడానికి నాకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు. సభలో శ్రీరాముల్ని ఎవరూ అవమానించనక్కరలేకుండానే పేరు మారింది.

విమర్శ పత్రికల్లో రాసేవాళ్లకు దీనిలో చేయవలసిన పని ఉంది. మనం ఏ ఊరి విగ్రహాన్నీ సాహిత్య వస్తువుగా చదవలేదు. పుస్తకాన్ని చదివినట్టు దాన్నీ చదవవచ్చు: ఎవరు పెట్టారు, ఏ ఏడాది, ఏ ఎన్నికల ముందు, ఎవరి డబ్బు, స్థలం ఎవరిది, పలకలో ఆవిష్కర్త పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉంది, విగ్రహం ఉన్న మనిషి పేరు ఎంత చిన్న అక్షరాల్లో ఉంది. ఆత్మకూరు లాంటి చిన్న పట్టణంలో ఒక్క పూటలో తిరిగి రాసుకోవచ్చు. కొన్ని దిమ్మెల దగ్గర ఆవిష్కర్త పేరే పెద్దదని మీకు వెంటనే తెలుస్తుంది. ఆడవాళ్ల విగ్రహాలు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు మిగిలిపోతాయి. ఈ రాత అచ్చయి ఊళ్లో తిరిగితే, తీయాలా ఉంచాలా అన్నది ఊరు మాట్లాడుకుంటుంది. అప్పుడు ఊరు తీసేయమంటే తీసేయవలసిందే, అది మనకు ఇష్టమైన కవిదైనా సరే.

ఉదయగిరి బాలకృష్ణుణ్ణి ఎగ్మూరు నుంచి తిరిగి తెచ్చి కొండ మీద పెట్టాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తెచ్చి ఎవరికి ఇవ్వాలి? ఒరిస్సా గజపతుల కోట అది, తర్వాత విజయనగరంది, ఆ తర్వాత గోలకొండ వాళ్లది, నవాబులది, కుంపిణీది. కొండ కింద ఊళ్లో ఇప్పుడు కొయ్య గరిటెలు చెక్కి బతికే కుటుంబాలున్నాయి. వాళ్లలో ముస్లిములు చాలామంది. వాళ్లను అడగకుండా ఇంకొక రాజు కథను వాళ్ల నెత్తిన పెట్టనక్కర్లేదు. కావాలంటే పాడుపడిన ఆ గుడి దగ్గర చిన్న పలక ఒకటి పెట్టవచ్చు: ఇక్కడి విగ్రహం 1514లో గెలిచినవాళ్లు తీసుకుపోయారు, ముక్కలు చెన్నైలో ఉన్నాయి అని. ఆవిష్కర్త పేరు లేకుండా.